జపాన్ సారీ చెప్పిందా, లేదా? ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది కాకినాడ. మూడేళ్ళుగా యోకొహామాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. టీమ్‌లో నాకు బాగా దగ్గరైనవాళ్ళు ఇద్దరు. ఒకరు చైనా అమ్మాయి, వాళ్ళది నాన్‌జింగ్. ఇంకొకరు నాకు పని నేర్పిన జపాన్ సీనియర్. ఆగస్టు 15న లంచ్ టైమ్‌లో టీవీలో యసుకుని మందిరం వార్త వచ్చింది. "మీవాళ్ళు ఇంతవరకూ సరిగ్గా క్షమాపణే చెప్పలేదు" అందామె. "ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పాం? యుద్ధం అయిపోయేనాటికి మా నాన్న కూడా పుట్టలేదు. ఇంకా ఎన్ని తరాలు చెప్పాలి?" అన్నాడాయన. ఆమె సగం తిన్న బాక్సు మూసేసి లేచి వెళ్ళిపోయింది. రెండు నెలలైంది, ఇద్దరి మధ్యా ఆఫీసు మెయిల్స్ తప్ప మాటల్లేవు. పైగా ఆ రోజు ఆయన నాతో "మీ ఇండియా జడ్జే మా తప్పు లేదని తీర్పు రాశాడు కదా" అన్నాడు. నాకేం తెలీదు, ఊరికే తలూపాను. అది ఆమె చూసింది. ఇప్పుడు నాతో కూడా ముభావంగా ఉంటోంది. ఇద్దరిలో ఎవరిది కరెక్టు? ఆయన చేత ఒక్క సారీ చెప్పించి దీన్ని ముగించేయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
– యోకొహామా నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. ఆయన చేత సారీ చెప్పించే పని పెట్టుకోకండి. భోజనాల బల్ల దగ్గర పుట్టిన గొడవ కదా, ఒక్క మాటతో పోతుందని మీకనిపించడం సహజమే. కానీ 1945లో ముగిసిన యుద్ధంలో చైనా మీద జపాన్ చేసిన దాడి గురించి ఈ రెండు దేశాల మధ్య యాభై ఏళ్ళుగా పేచీ అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఓపిగ్గా చదవండి.

మీ సీనియర్ చెప్పింది నిజం. 1992లో అకిహితో చక్రవర్తి చైనా వెళ్ళారు. జపాన్ చక్రవర్తి చైనాకు రావడం అదే మొదటిసారి. తన దేశం చైనా ప్రజలను ఎంతో కష్టపెట్టిందని, అందుకు తాను చాలా బాధపడుతున్నానని ఆయన అక్కడ అన్నారు. 1995 ఆగస్టు 15న, యుద్ధం ముగిసి యాభై ఏళ్ళయిన రోజు, ప్రధాని తొమీచి మురయామా 'వలస పాలన', 'దురాక్రమణ' అన్న మాటలు దాచకుండా వాడి, ఆసియా ప్రజలకు హృదయపూర్వక క్షమాపణ తెలిపారు. 2001 అక్టోబరులో ప్రధాని జునిచిరో కొయిజుమీ బీజింగ్ శివార్లలోని మార్కో పోలో వంతెన దగ్గరికి వెళ్ళారు. 1937 జులై 7న పూర్తి స్థాయి యుద్ధం మొదలైంది అక్కడే. ఆయనా అక్కడ క్షమాపణ చెప్పారు. ఇవి కాక 1979 నుంచి దాదాపు నలభై ఏళ్ళ పాటు తక్కువ వడ్డీ అప్పుల రూపంలో, సాయం రూపంలో జపాన్ చైనాకు 3 లక్షల కోట్ల యెన్‌లకు పైగా ఇచ్చింది. ఇదంతా తెలిసిన మనిషికి "మీరు అసలు చెప్పనేలేదు" అంటే ఒళ్ళు మండదా?

మీ స్నేహితురాలు చెప్పిందీ నిజమే. అక్టోబరులో వంతెన దగ్గర క్షమాపణ చెప్పిన కొయిజుమీయే, అదే ఏడాది ఆగస్టులో యసుకుని మందిరానికి వెళ్ళారు. తర్వాతి ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్ళారు. 2006లో దిగిపోయేదాకా ఏటా వెళ్ళారు. టోక్యోలో ఉన్న ఆ మందిరం 1869లో కట్టింది. యుద్ధాల్లో పోయిన 24 లక్షల మందికి పైగా అక్కడ పూజలందుకుంటారు. వాళ్ళలో చాలామంది ఎవరింటి కొడుకులో, అన్నదమ్ములో. వాళ్ళ కోసం ఎవరైనా వెళ్ళి దణ్ణం పెట్టుకుంటే ఎవరూ కాదనరు. కానీ 1978లో యుద్ధకాలపు ప్రధాని హిదేకి తోజోతో సహా 14 మంది ప్రధాన యుద్ధ నేరస్థులను కూడా వాళ్ళ సరసన చేర్చారు. అప్పట్నుంచీ ప్రధాని అక్కడికి వెళితే, చైనాలో దాన్ని క్షమాపణ వెనక్కి తీసుకున్నట్టే చూస్తారు. అన్నట్టు, హిరోహితో చక్రవర్తి 1975 తర్వాత ఆ మందిరానికి వెళ్ళనే లేదు. కొడుకు అకిహితో చక్రవర్తిగా ఉన్నన్నాళ్ళూ ఒక్కసారీ వెళ్ళలేదు. చక్రవర్తులే ఆగిన గడప అది.

మాట దగ్గరే పేచీ అన్నాను కదా, అది ఎలా మొదలైందో చూడండి. 1972 సెప్టెంబరు 25. జపాన్ ప్రధాని కకుయేయ్ తనాకా సంబంధాలు కలుపుకోవడానికి బీజింగ్ వెళ్ళారు. రాత్రి విందులో ప్రసంగిస్తూ, గతంలో చైనా ప్రజలకు చాలా 'మెయివాకు' కలిగించామని, అందుకు లోతుగా ఆత్మవిమర్శ చేసుకుంటున్నామని అన్నారు. మూడేళ్ళుగా అక్కడున్నారు కాబట్టి ఆ మాట మీరు రోజూ వింటూనే ఉంటారు. రైల్లో గట్టిగా ఫోన్ మాట్లాడితే మెయివాకు, పక్కింటి గోడ మీద సామాను పెడితే మెయివాకు. అనువాదకుడు దాన్ని చైనా భాషలో 'మాఫాన్' అన్నాడు. హాల్లో ఉన్న చైనా వాళ్ళ ముఖాలు మారిపోయాయి. మర్నాడు చైనా ప్రధాని చౌ ఎన్‌లై సూటిగా చెప్పారు: దారిన పోయే ఆడమనిషి బట్టల మీద నీళ్ళు చిందితే మా దగ్గర ఆ మాట అంటారు, మాకు జరిగింది అదా అని. మన స్టేషన్లలో రైలు లేటైతే మైకులో చెబుతారే, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని. ఇంట్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళతో ఆ మాట అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. జపాన్‌లో ఆ మాట మనస్ఫూర్తిగా తప్పు ఒప్పుకుంటూ కూడా అంటామని తనాకా వివరించారు. అబద్ధం కాదు. కానీ చెప్పినవాడి మనసులో ఉన్న బరువు విన్నవాడి చెవికి చేరలేదు.

నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 29న సంతకాలైన ఉమ్మడి ప్రకటనలో మాట గట్టిపడింది. యుద్ధం వల్ల చైనా ప్రజలకు జరిగిన తీవ్ర నష్టానికి జపాన్ తన బాధ్యతను గుర్తించి, తనను తాను లోతుగా నిందించుకుంటున్నట్టు రాశారు. 'క్షమాపణ' అనే పదం మాత్రం అందులో లేదు. అదే కాగితం మీద చైనా ప్రభుత్వం యుద్ధ నష్టపరిహారం వదులుకుంది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లినీ, జపాన్ గనుల్లో వెట్టిచాకిరీ చేసి వచ్చిన కూలీనీ ఎవరూ "వదిలేద్దామా?" అని అడగలేదు. జపాన్‌కు పట్టుకుపోయిన చైనా కూలీలే దాదాపు 39 వేల మంది. వాళ్ళలో 6,800 మందికి పైగా తిరిగి రాలేదు. బతికినవాళ్ళు ముసలితనంలో జపాన్ కోర్టులకెక్కితే, 2007లో అక్కడి సుప్రీంకోర్టు, 1972లోనే మీ హక్కు పోయిందని చెప్పేసింది. మీ స్నేహితురాలి "సరిగ్గా" అన్న మాటలో ఇదంతా ఉంది.

మా ఊళ్ళో జరిగిన ఒక సంగతి గుర్తొస్తోంది. కాలవ నీళ్ళ తగాదాలో మా తాతయ్య గారి అన్న మనుషులు మా ఎద్దును కొట్టారు, అది చచ్చిపోయింది. అయిదేళ్ళ తర్వాత ఆయన ఒక పెళ్ళిలో అందరి ముందూ "జరిగిందేదో జరిగిపోయింది, మర్చిపోండి" అన్నారు. మా అమ్మమ్మ విస్తరి ముందు నుంచి లేవకుండానే, "జరిగిపోలేదు బావగారూ, మీరు చేశారు" అంది. యుద్ధం ముగిసి డెబ్బై ఏళ్ళైనప్పుడు, 2015లో అప్పటి ప్రధాని షింజో అబే చేసిన ప్రకటన చదివినప్పుడు నాకు అమ్మమ్మ మాటే గుర్తొచ్చింది. జపాన్ గతంలో పలుసార్లు క్షమాపణ తెలిపిందని, ఆ వైఖరి మారదని అందులో ఉంది. "నేను చెబుతున్నాను" అన్నది లేదు. ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని పిల్లలకు, మనవలకు క్షమాపణ చెబుతూనే ఉండాల్సిన గతి పట్టకూడదని కూడా అన్నారు. మీ సీనియర్ లంచ్‌లో అన్నది ఇంచుమించు అదే. ఆ వాక్యం పక్కనే, తరాలు మారినా చరిత్రను సూటిగా ఎదుర్కోవాలన్న వాక్యం కూడా ఉంది. దాన్ని చాలామంది చదవరు.

ఆయన్ని నేను తప్పు పట్టడం లేదమ్మా. మీరున్న యోకొహామానే తీసుకోండి. 1945 మే 29న అమెరికా బాంబర్లు ఒక్క పూటలో ఆ ఊరిని తగలబెట్టాయి. జపాన్ ఇళ్ళలో తాతలు, నానమ్మలు చెప్పిన యుద్ధం ఎక్కువగా అదే: ఆకాశం నుంచి పడ్డ నిప్పు, ఆకలి, హిరోషిమా. నాన్‌జింగ్ ఇళ్ళలో చెప్పుకున్న యుద్ధంలో సైనికులు వీధి తలుపు దగ్గర నిలబడి ఉంటారు. 1937 డిసెంబరు 13న ఆ నగరం జపాన్ సైన్యం చేతికి చిక్కింది. తర్వాత ఆరు వారాలు చంపడం, మానభంగాలు, దోపిడీ. చనిపోయినవాళ్ళు రెండు లక్షలకు పైనే అని, యుద్ధం తర్వాత గెలిచిన దేశాలు జపాన్ నాయకుల మీద నడిపిన టోక్యో విచారణ తేల్చింది. చైనా చెప్పే సంఖ్య మూడు లక్షలు, అక్కడి స్మారకం గోడ మీద చెక్కి ఉంది. జపాన్ చరిత్రకారుల్లో చాలామంది అంతకంటే తక్కువ అంటారు. సంఖ్య దగ్గర వాదన ఉందే గానీ, జరగలేదని జపాన్ ప్రభుత్వం కూడా అనదు. పౌరుల్ని చంపడం, దోచుకోవడం జరిగిందన్నది కాదనలేమని వాళ్ళ విదేశాంగ శాఖే రాసుకుంది. ఒకే యుద్ధం నుంచి ఒకరు కాలిన ఊరిని, ఇంకొకరు తలుపు దగ్గరి తుపాకీని గుర్తు పెట్టుకుని మీ పక్కన కూర్చుని అన్నం తింటున్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. చైనా ప్రభుత్వం ఈ గాయాన్ని తనకు కావలసినప్పుడు రేపుతుంది, అక్కర్లేనప్పుడు కప్పుతుంది. నాన్‌జింగ్ స్మారకం తెరిచిందే 1985లో. డిసెంబరు 13ను జాతీయ సంస్మరణ దినం చేసింది 2014లో. రెండు దేశాలూ మావంటే మావనే దీవుల గొడవ మీద 2012లో ఊరేగింపులు జరిగినప్పుడు, జపాన్ కారు నడుపుతున్నందుకు చైనా వాళ్ళే చైనా మనిషి తల పగలగొట్టారు. 2024 సెప్టెంబరు 18న షెంజెన్‌లో బడికి వెళుతున్న పదేళ్ళ జపాన్ బాబును ఒకడు కత్తితో పొడిచి చంపాడు. సెప్టెంబరు 18 అంటే 1931లో మంచూరియా మీద జపాన్ దాడి మొదలైన రోజు. అక్కడ పిల్లల్ని పెంచుకుంటున్న జపాన్ తల్లిదండ్రులు ఎంత హడలిపోయి ఉంటారు! అంతకు మూడు నెలల ముందే సుజౌలో ఇలాగే ఒకడు జపాన్ తల్లీబిడ్డల మీద పడితే, స్కూలు బస్సులో పనిచేసే చైనా మహిళ ఒకామె వాడిని పట్టుకుని ఆపి, కత్తిపోట్లకు ప్రాణం వదిలింది. బీజింగ్‌లో జపాన్ రాయబార కార్యాలయం ఆమె కోసం జెండాను సగానికి దించింది. ఆమె గురించి మీ ఇద్దరు స్నేహితులకూ తెలిసే ఉంటుంది.

"ఎన్ని తరాలు చెప్పాలి?" అన్న ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు ఫుషున్‌లో ఉంది. ఈశాన్య చైనాలో బొగ్గు గనుల ఊరు అది. 1950లో సోవియట్ యూనియన్ తన దగ్గర బందీలుగా ఉన్న 969 మంది జపాన్ వాళ్ళను యుద్ధ నేరస్థులుగా రైల్లో తెచ్చి చైనాకు అప్పగించింది. వాళ్ళను పెట్టిన జైలు ఒకప్పుడు జపాన్ వాళ్ళు కట్టించిందే. కాపలావాళ్ళలో జపాన్ సైన్యం చేతిలో ఇంటివాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అలాంటివాళ్ళకు పైనుంచి వచ్చిన ఆజ్ఞ ఏమిటంటే, ఖైదీల్ని కొట్టొద్దు, తిట్టొద్దు, కడుపునిండా పెట్టండి అని. సిబ్బంది జొన్నన్నం తిన్నారు. ఖైదీలకు వరి అన్నం వండి పెట్టారు. జొన్నకూడు తిని పెరిగిన మన సీమ పెద్దవాళ్ళకు, తెలంగాణ పెద్దవాళ్ళకు ఆ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. తన తమ్ముణ్ణి చంపిన సైన్యం వాడికి వరి అన్నం వడ్డించి, తను వెళ్ళి జొన్నన్నం తిన్న ఆ కాపలావాడి చేతులు ఎంత వణికి ఉంటాయో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

1956లో విచారణలు జరిగాయి. తైయువాన్ అనే ఇంకో ఊళ్ళో ఉన్నవాళ్ళతో కలిపి వెయ్యిమందికి పైగా ఖైదీలుంటే, 45 మంది మీదే కేసు నడిపారు. ఒక్కరికీ ఉరిశిక్ష వేయలేదు. మిగతావాళ్ళను ఇళ్ళకు పంపేశారు. బాధితుల సాక్ష్యం విని కోర్టులో మోకాళ్ళ మీద పడి ఏడ్చిన అధికారులున్నారు. ఇళ్ళకు చేరినవాళ్ళు 1957లో సంఘం పెట్టుకుని, ఎక్కడ, ఎవరిని, ఎలా చంపారో తమ నోటితో తమ దేశంలోనే చెప్పుకుంటూ వచ్చారు. "బ్రెయిన్‌వాష్ అయి వచ్చారు" అని సొంతవాళ్ళే దూరం పెట్టినా ఆపలేదు. 1988లో ఫుషున్ జైలు ఆవరణలోనే క్షమాపణ స్తంభం నిలబెట్టారు. వయసు మీదపడి 2002లో సంఘాన్ని మూసేశారు. అప్పుడు ఆ పనిని అందుకున్నది ఎవరనుకున్నారు? యుద్ధం తర్వాత పుట్టిన జపాన్ వాళ్ళు. వాళ్ళు ఎవరినీ చంపలేదు, ఎవరికీ సారీ బాకీ లేరు. ఆ ముసలివాళ్ళు చెప్పిన మాట తమతో పోకూడదనుకున్నారు, అంతే. మీ సీనియర్‌ని చైనా వాళ్ళు అడగదగ్గది ఏదైనా ఉందంటే అది ఇదే. అది కూడా ఆయనంతట ఆయనకు తోచాలి గానీ, మీరో నేనో చెప్పిస్తే వచ్చేది కాదు.

ఇక మీరు తలూపిన సంగతి. ఈ మొత్తంలో మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే. ఆ జడ్జి బెంగాల్‌కు చెందిన రాధావినోద్ పాల్. టోక్యో విచారణలో కూర్చున్న 11 మందిలో ఒకరు. ముద్దాయిలందరూ నిర్దోషులని వెయ్యి పేజీలు దాటిన అసమ్మతి తీర్పు రాశారు. యసుకుని ఆవరణలో 2005లో ఆయన పేర స్మారకం కూడా పెట్టారు. ఆయన వాదన చట్టం గురించి. దాడి చేసిన నాటికి నేరం కాని దాన్ని తర్వాత నేరమని శిక్షించకూడదు, గెలిచినవాడే ఓడినవాడికి జడ్జి కాకూడదు అని. జపాన్ సైనికులు పౌరుల మీద, యుద్ధ ఖైదీల మీద ఘోరాలు చేశారనడానికి సాక్ష్యం తిరుగులేనంత బలంగా ఉందని అదే తీర్పులో రాశారు. వాటిని పై నాయకులే చేయించారని రుజువు కాలేదన్నారు. "మా తప్పు లేదు" అన్న మాట ఆయన అనలేదు.

చైనా వాళ్ళు గుర్తుపెట్టుకున్న మనవాడు వేరే ఉన్నాడు. 1938లో కాంగ్రెస్ పంపిన ఐదుగురు డాక్టర్లలో ఒకరైన షోలాపూర్ ద్వారకానాథ్ కోట్నిస్. గాయపడ్డ చైనా సైనికులకు ఆపరేషన్లు చేస్తూ, అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకుని, 1942లో 32 ఏళ్ళకే అక్కడే చనిపోయారు. మీ స్నేహితురాలిని 'కే దిహువా' తెలుసా అని అడిగి చూడండి, అది ఆయన చైనా పేరు.

అడిగే ముందు మాత్రం ఇలా చెప్పండి: "ఆ రోజు విషయం తెలియకుండా తలూపాను. తర్వాత చదివాను. ఆ జడ్జి కూడా ఘోరాలు జరిగాయనే రాశారు. నేను తలూపడం తప్పు." అక్కడితో ఆపేయండి. "కానీ" అని ఇంకో వాక్యం కలపకండి. మన దేశాన్నీ బ్రిటిష్ వాళ్ళు రెండొందల ఏళ్ళు ఏలారు, మేం మర్చిపోలేదా అన్న మాట మనవాళ్ళ నోటికి చాలా తేలిగ్గా వస్తుంది. అది అస్సలు అనకండి. ఆఫీసు చాట్‌లో రాయకండి, ఎదురుగా చెప్పండి.

మీ సీనియర్‌కు కూడా పాల్ గారి విషయం చెప్పాలి. నలుగురిలో వద్దు, సాయంత్రం స్టేషన్ దాకా నడిచేటప్పుడు చాలు. పని నేర్పిన మనిషి కాబట్టి సరిదిద్దినట్టు కాకుండా, "నేనూ ఇప్పుడే తెలుసుకున్నాను" అన్నట్టు చెప్పండి. వీలు కుదిరితే వాళ్ళ తాతగారు యుద్ధమప్పుడు ఎక్కడున్నారో అడగండి. చాలా జపాన్ ఇళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, తాతలూ చెప్పకుండానే పోయారు. ఆయన మౌనంగా ఉండిపోతే రెట్టించకండి. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి రాజీ చేయాలని మాత్రం చూడకండి. పంచాయతీ పెద్దలా మధ్యలో కూర్చుంటే, ఇద్దరూ మిమ్మల్ని చూసి మాట్లాడతారు, ఒకరినొకరు చూసుకోరు.

ఇంకో రెండు నెలల్లో డిసెంబరు 13 వస్తుంది. నాన్‌జింగ్‌లో ఆ ఉదయం సైరన్లు మోగుతాయి, రోడ్ల మీద బండ్లు ఆగిపోతాయి. యోకొహామాలో ఏమీ ఉండదు. ఆమె మామూలుగా వచ్చి లాప్‌టాప్ తెరుచుకుంటుంది. సెలవు రోజైతే గదిలో ఒక్కతే ఉంటుంది. ఆ రోజు ఏమిటో మీకు గుర్తుందని ఆమెకు తెలియనివ్వండి, కలిసి టీ తాగండి. ఆమె మాట్లాడితే వినండి. మాట్లాడకపోతే టీ అయ్యేదాకా కూర్చుని వచ్చేయండి. ఏమైందో నాకు రాయండి.